ఎడమ పోర్టు ఆవిడది

కాటా మాస్టారు ఏ బడిలోనూ పాఠం చెప్పిన పాపాన పోలేదు. దుకాణాల్లో సరుకు తూచే ఎలక్ట్రానిక్ కాటాలు బాగుచేయడం ఆయన పని. అయినా ఊళ్లో అందరికీ ఆయన మాస్టారే. కాటా పట్టుకొచ్చిన మనిషి ఎంతటివాడైనా సరే, పళ్లెం కింద ఉండే లోహపు ముక్క బరువుకి ఎలా వంగుతుందో, వంగిన ఆ కాస్తనీ యంత్రం అంకెగా ఎలా మారుస్తుందో మొదటి నుంచీ చివరిదాకా వినకుండా ఆ గది దాటి వెళ్లడం కుదరదు. తొందరలో ఉన్నవాళ్లు కాటాని గుమ్మంలో పెట్టి జారుకుంటారు. మాస్టారు కిటికీ దగ్గరికొచ్చి వాళ్ల వీపుకే పాఠం చెబుతాడు.

ఇంట్లో మాత్రం ఆ పాఠాలు చెల్లవు. అక్కడ ఆయన భార్య ఉంది.

ఆవిడకి చూపు లేదు. పుట్టుకతో వచ్చింది కాదు అది. పెళ్లయిన చాలా ఏళ్లకి అంచుల నుంచి మెల్లగా మసకబారుతూ వచ్చి, చివరికి వెలుగుకీ చీకటికీ తేడా తెలియకుండా పోయింది. అంతకుముందు ఆవిడకి చదువు పిచ్చి. దుకాణంలో పొట్లం కట్టిన కాగితాన్ని కూడా వదిలేది కాదు. చదివింది కడుపులో దాచుకునే రకమూ కాదు, పదిమందికీ వినిపించాల్సిందే. ఆవిడ వరండాలో కూర్చుని కథ చదువుతుంటే పక్కింటివాళ్లు బట్టలు ఆరేయడం ఆపి గోడకి చేరబడేవాళ్లు. అలాంటి గొంతు అది. చూపు పోయాక ఏడ్చినన్నాళ్లు ఏడ్చి, ఒకనాడు ముక్కు తుడుచుకుని లేచి, అంధుల కేంద్రానికి వెళ్లి బ్రెయిలీ నేర్చుకుంది. కళ్లు చేసే పని వేళ్లకి అప్పగించింది.

మాస్టారు తన వంతుగా ఇంటిని నేర్చుకున్నాడు. ఏ వస్తువు ఎక్కడ ఉండాలో ఒక్కసారి నిర్ణయించేశాడు, ఇక దానికి తిరుగులేదు. పొయ్యికి కుడిపక్క అరలో మొదటిది ఉప్పు డబ్బా, రెండోది పంచదార డబ్బా. చెప్పులు గుమ్మానికి ఎడమవైపు, గోడ వారగా. లేచిన కుర్చీని బల్ల కిందికి పూర్తిగా నెట్టాలి. తలుపంటూ ఉంటే బార్లా తెరిచైనా ఉండాలి, గడియ వేసైనా ఉండాలి, సగంలో ఉండకూడదు. ఎక్కడిది అక్కడ, అదీ ఆ ఇంటి చట్టం. ఒకసారి చుట్టపు చూపుగా వచ్చిన ఆయన సొంత అక్క కాళ్లు చాపుకోవడానికి ఒక పీటని కాస్త ఇవతలికి లాక్కుంది. అంతే, అక్కతో ఏడాదిపాటు ముక్తసరిగా మాట్లాడాడు. "నేను వచ్చింది తమ్ముడింటికో, మ్యూజియానికో అర్థం కాలేదు" అని అక్క ఇప్పటికీ దెప్పుతుంది.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. మాస్టారికి డబ్బు గర్వం లేదు, చదువు గర్వం లేదు, అందగాణ్ననే గర్వం అసలే లేదు. ఉన్నదల్లా ఒకటే. ఇన్నేళ్లలో తన చేతి మీదుగా ఆ ఇంట్లో ఒక్క వస్తువు కూడా చోటు తప్పలేదని. ఆ మాట వీలున్నప్పుడల్లా అంటాడు. వీల్లేకపోతే వీలు చేసుకుని మరీ అంటాడు.

ఇక కంప్యూటర్ సంగతి. ఆ ఇంట్లో ఉన్నది ఒకటే. ముందుగదిలో పని బల్ల మీద, సగం విప్పిన కాటాలకీ ఆవిడ లావుపాటి బ్రెయిలీ పుస్తకాలకీ మధ్య దాని తెర ఇరుక్కుని ఉంటుంది, పెట్టె బల్ల కింద ఉంటుంది. అందులో విండోస్ బదులు లినక్స్ వేసి ఇచ్చింది ఆవిడ తమ్ముడు. అతను కంప్యూటర్ల కంపెనీలో పనిచేస్తాడు. తెర మీద ఉన్నది చదివి వినిపించే ప్రోగ్రామూ, బ్రెయిలీ ప్రోగ్రామూ లినక్స్‌తో పాటే ఉచితంగా వస్తాయని అదే వేశాడు. అంధుల కేంద్రంవాళ్లు ఆవిడకి ఒక పరికరం వాడుకోమని ఇచ్చారు. కీబోర్డు ముందు పెట్టుకునే పలకలా ఉంటుంది. దాని మీద వరసగా సన్నటి చుక్కలు పైకి లేస్తాయి, కిందికి దిగుతాయి. తెర మీది వాక్యం ఆ చుక్కల్లోకి వస్తుంది. ఆవిడ వేళ్లతో తడిమి చదువుకుని, పక్కనున్న మీట టక్కున నొక్కితే తర్వాతి ముక్క లేస్తుంది. ఆవిడ దానికి చుక్కల పలక అని పేరు పెట్టింది. అది ఇంటికొచ్చిన రోజు భోజనానికి పిలిస్తే, "మీరు తినేయండి, నాకు ఆకలిగా లేదు" అని రెండు పూటలూ అదే మాట చెప్పింది.

మాస్టారికీ ఒక తీగ ఉంది. బాగుచేసిన కాటాని కంప్యూటర్‌కి కలిపి, తూకం సరిగ్గా చూపించేలా దిద్దే తీగ. ఒక కొస యూఎస్‌బీ పోర్టులోకి వెళుతుంది, రెండో కొస కాటాలోకి. పలక వచ్చాక మొదటిసారి ఆ తీగ పెట్టిన పూట బల్ల మీద పెద్ద గోలే జరిగింది. ఆయన ప్రోగ్రాం చూస్తే కాటా లేదు పొమ్మంటోంది. కాటా చూస్తే పళ్లెం మీద పూచికపుల్ల లేకపోయినా అంకెలు మార్చి మార్చి చూపిస్తూ కీచుకీచుమని అరుస్తోంది.

"ఇది చూడు, ఖాళీ పళ్లెం మీద పదకొండు కిలోలట" అన్నాడు మాస్టారు.

"చూస్తూనే ఉన్నాను" అంది ఆవిడ, అటు తిరక్కుండానే. "ముందు దాని నోరు మూయించండి, పక్కింటివాళ్లు వచ్చేస్తారు."

నానా తంటాలూ పడి, తల ప్రాణం తోకకొచ్చాక, బావమరిదికి ఫోన్ చేశాడు.

"బావా, కంప్యూటర్‌కి ఏదైనా గుచ్చితే అది ఊరికే కూర్చోదు" అన్నాడు అతను. "నువ్వెవరివి అని అడుగుతుంది. లోపలున్న చిప్పు తన నంబరు చెబుతుంది. ఆ నంబరుకి ఏ రూలు రాసి ఉందో చూసి, దానికి సంబంధించిన ప్రోగ్రాంని పిలిచి అప్పగిస్తుంది. నీ తీగలో ఉన్నదీ, అక్క పలకలో ఉన్నదీ ఒకే రకం చవక చిప్పు. రెండూ ఒకటే నంబరు చెబుతాయి. లినక్స్‌లో ఆ నంబరు కనిపిస్తే బ్రెయిలీ పలకే అయ్యుంటుందని ముందే రాసి పెట్టారు. అందుకని నువ్వు ఏ తీగ పెట్టినా అది అక్కదే అనుకుంటోంది."

"అంటే నా కాటాకి కథలు చదివి పెడుతోందా?"

"చదివి పెట్టడం కాదు బావా, చదువుకోమని చేతికిస్తోంది. అదేమో బిత్తరపోయి అరుస్తోంది."

ఫోన్ స్పీకర్లో వింటున్న ఆవిడకి నవ్వు ఆగలేదు. "పోనీలెండి, గుమ్మం దాటి లోపలికి ఏదొచ్చినా అది నాదే అనుకునేవాళ్లు ఈ ఇంట్లో ఒకళ్లున్నారు" అంది.

దానికి బావమరిది రెండు దారులు చెప్పాడు. వేరే రకం చిప్పు ఉన్న తీగ కొనుక్కుంటే గొడవే లేదు. కాదంటే, నంబరు ఒకటే కాబట్టి, గుచ్చిన చోటుని బట్టి తేడా చూడమని కంప్యూటర్‌కి ఒక చిన్న రూలు రాసి పెట్టాలి. ఎడమ పోర్టులో ఏది పెట్టినా బ్రెయిలీ ప్రోగ్రాంకి ఇచ్చేయాలి. కుడి పోర్టులో ఏది పెట్టినా ఆ ప్రోగ్రాం దాని జోలికి పోకూడదు.

కొత్త తీగ అనేసరికి మాస్టారు ససేమిరా అన్నాడు. ఉన్న తీగ నిక్షేపంలా పనిచేస్తుంటే ఇంకోటెందుకన్నాడు. కానీ అసలు కారణం అది కాదు. చోటుని బట్టి అన్న మాట చెవిన పడగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. అది తన ఇంటి చట్టమే కదా. ఇన్నాళ్లకి ఒక యంత్రానికి కూడా ఆ బుద్ధి పుట్టిందని మురిసిపోయాడు. బావమరిది ఒక్కో అక్షరం చెబుతుంటే తనే టైపు చేశాడు. ఒక చిన్న గీత మర్చిపోయి మొత్తం మళ్లీ కొట్టాడు. అంతా అయ్యాక బల్ల కింద ఉన్న కంప్యూటర్ పెట్టె ముందు చతికిలబడి, ఎడమ పోర్టు పక్కన ఒక బొట్టు జిగురు వేసి, అది గట్టిపడేదాకా ఊదాడు. తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని కిందికి తెచ్చి వేలు ఆ చుక్క మీద పెట్టాడు.

"ఎడమ పోర్టు నీది."

"మరి కుడిది?"

"నాది."

"అయితే ఆస్తి పంపకాలు అయిపోయినట్టే" అంది ఆవిడ.

ఆ రోజు నుంచి మాస్టారి పాఠంలో ఇంకో అధ్యాయం చేరింది. కాటా తెచ్చినవాళ్లు ఇంకాస్త తొందరగా జారుకోవడం మొదలుపెట్టారు.

ఆ ఊళ్లో ఒక చిన్న రేడియో స్టేషన్ ఉంది. సాయంత్రం పూట కథలు చదివి వినిపిస్తారు. అంధుల కేంద్రంలో ఒక సభకి వచ్చిన స్టేషన్ మేడమ్ మాస్టారి భార్య చదవడం విని, మీ గొంతు మాకు కావాలంది. అయితే ముందుగా రికార్డు చేసి పంపమంది. నేరుగా చదివేటప్పుడు మధ్యలో తడబడితే వినేవాళ్లకి ఏం చెప్పుకోవాలని మేడమ్ బెంగ. అందులో దురుద్దేశం ఏమీ లేదు, ఒక కార్యక్రమం నడిపే మనిషి భయం అంతే.

మాస్టారి భార్య ఒప్పుకోలేదు. "రికార్డు చేస్తే నేను చదివానో, ముక్కలన్నీ అతికించి చదివినట్టు చేశారో ఎవరికి తెలుస్తుంది మేడమ్? మిగతావాళ్లు ఎలా చదువుతారో నేనూ అలాగే చదువుతాను" అంది. అటూ ఇటూ బేరమాడాక మేడమ్ ఒక్క అవకాశం ఇచ్చింది. ఒక సాయంత్రం, ఇంటి నుంచి ఫోన్లో, నేరుగా. సజావుగా జరిగితే వారం వారం ఆ కథల సమయం ఆవిడదే. ఆగిపోయినా, తడబడినా ఇక రికార్డింగు తప్ప ఇంకో మాట లేదు.

చూపు పోయాక ముక్కూమొహం తెలియనివాళ్లకి ఆవిడ చదివి వినిపించబోయేది ఇదే మొదటిసారి. ఒక పడవ నడిపే మనిషీ, పడవ ఎక్కనని మొరాయించే అతని మేకా, వాళ్ల కథ ఎంచుకుంది. రోజూ సాధన చేసింది. మేక నది మధ్యలో లేచి నిలబడే చోట ప్రతిసారీ నాలుక తిరగబడేది. మాస్టారు కాటా విప్పుతూనే, "మళ్లీ అక్కడే" అనేవాడు. "తెలుసు లెండి" అనేది. ఒకరోజు మాత్రం పలక మీద చేతులు అలాగే ఉంచి, "భయంగా ఉందండీ" అంది. ఆవిడ నోట ఆ మాట వినడం ఆయనకి అలవాటు లేదు. స్క్రూడ్రైవర్ కింద పెట్టి, కాసేపు పక్కన కూర్చున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నే మాస్టారికి ఒక ఆలోచన తట్టింది. బల్ల మీద కాటాల దుమ్ము, ఇనుప రజను, తీగ ముక్కలు. ఇలాంటి చోట కూర్చుని ఆవిడ ఊరందరికీ కథ చదవడం ఆయన మనసుకి పట్టలేదు. ఆవిడ స్నానానికి వెళ్లగానే తీగలన్నీ ఊడబీకి, బల్లనీ, కంప్యూటర్ పెట్టెనీ, చుక్కల పలకనీ తడిబట్టతో ఒకసారి, పొడిబట్టతో ఒకసారి తుడిచాడు. అంతలో ఉల్లిపాయల టోకు వ్యాపారి ఫోన్ చేశాడు. బస్తాలు తూచే పెద్ద కాటా మొండికేసిందట, లారీ నిలబడి ఉందట. మాస్టారు గబగబా తీగలన్నీ మళ్లీ పెట్టేసి, కుర్చీ బల్ల కిందికి నెట్టి, ఒకసారి దూరం నుంచి చూసుకున్నాడు. బల్ల అద్దంలా మెరుస్తోంది. పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, "సాయంత్రం అక్కడే రేడియోలో వింటాను" అని కేకేసి వెళ్లిపోయాడు.

టోకు బజారు ఊరికి అవతలి కొసన ఉంది. మాస్టారు కాటా విప్పుతూనే అక్కడున్న ప్రతివాడికీ భార్య రేడియోలో చదవబోతోందని చెప్పాడు. రెండోసారి చెప్పించుకున్నవాళ్లు కూడా ఉన్నారు, మర్యాదస్తులు. సాయంత్రమయ్యేసరికి వ్యాపారి రేడియోని గల్లాపెట్టె మీదికి ఎక్కించాడు. బస్తాలు మోసేవాళ్లు చెమట తుడుచుకుంటూ చుట్టూ చేరారు. ఇంకాసేపట్లో కథ అనగా మాస్టారి ఫోన్ మోగింది.

"ఏవండీ, చుక్కలు లేవడం లేదు."

గొంతులో ఎత్తూ పల్లం లేకుండా చెప్పింది. ఆవిడ అలా మాట్లాడిందంటే లోపల ఎంత కంగారుపడుతోందో ఆయనకి తెలుసు.

"తీగ ఊడిందేమో చూడు."

"పలక దగ్గర తీసి మళ్లీ పెట్టాను. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. అది మాట్లాడుతోంది, పలకే ఉలుకూ పలుకూ లేకుండా పడుంది. స్టేషన్‌వాళ్లు ఇంకో ఫోన్లో లైన్లోనే ఉన్నారు."

"పోనీ ఈ పూటకి అది చదువుతుంటే వింటూ చెప్పేయరాదూ?"

"చెవిలో అది వాగుతుంటే దాని వెనక చిలకలా పలకాలా? అది చదవడమెలా అవుతుంది?"

మాస్టారు నుదురు తుడుచుకున్నాడు. "నా వైపు నుంచి ఏ పొరపాటూ లేదు. పొద్దున్న బల్ల తుడిచి అన్నీ ఎక్కడివక్కడ పెట్టే వచ్చాను. పలకే పాడైపోయి ఉంటుంది."



"బల్ల తుడిచారా?" అంది.

"ఇవాళ కదా అని."

"సరే, మీరు కంగారుపడకండి. నేను చూసుకుంటాను." ఫోన్ పెట్టేసింది.

కంగారుపడొద్దంటే పడకుండా ఉండే మనిషా ఆయన. సంచీ అందుకున్నాడు, మళ్లీ పెట్టాడు. విప్పిన కాటా వైపు చూశాడు, గేటు వైపు చూశాడు. "ఈ రద్దీలో మీరు ఇల్లు చేరేలోపు కథ అయిపోతుంది మాస్టారూ, ఇక్కడే ఉండండి" అని వ్యాపారి చెయ్యి పట్టుకున్నాడు. మాస్టారు కాలుగాలిన పిల్లిలా బస్తాల మధ్య తిరగడం మొదలుపెట్టాడు.

రేడియోలో మేడమ్ గొంతు వచ్చింది. కొద్ది క్షణాల్లో కథ వింటారని చెప్పింది. ఒక పాట వేశారు. పాట అయిపోయింది. మేడమ్ మళ్లీ వచ్చి కొద్ది క్షణాల్లో అంది. ఈసారి ఆ మాట కాస్త సాగింది. ఇంకో పాట మొదలైంది. పొద్దుటి నుంచీ అంత దండోరా వేసిన మాస్టారు ఇప్పుడు ఎవరి మొహమూ చూడలేక ఉల్లిపాయల కేసి చూస్తూ నిలబడ్డాడు. తన పరువు పోతోందని కాదు. ఆ గదిలో, ఆ బల్ల ముందు, చచ్చిన పలక మీద చేతులు పెట్టుకుని ఆవిడ ఒక్కతే కూర్చుని ఉంటుందని. రేపటి నుంచి ఎవరేమన్నా "పోనీలెండి" అని నవ్వేస్తుందని, ఇక ఎప్పుడూ వరండాలో కూర్చుని గొంతెత్తదని.

పాట సగంలో ఆగింది.

"ఒక ఏటి ఒడ్డున పడవ నడిపే మనిషి ఒకడుండేవాడు" అంది రేడియో. ఆవిడ గొంతే.

వాక్యం చివర చిన్నగా టక్‌మని వినిపించింది. తర్వాతి వాక్యం. మళ్లీ టక్. అది పలక మీట. చుక్కలు లేస్తున్నాయి, ఆవిడ వేళ్లతోనే చదువుతోంది. ఆయన కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి.

"ఏంటా టకటకా, లైన్లో ఏదైనా తేడానా?" అన్నాడు బస్తాలు మోసే ఒకతను.

"పేజీ తిప్పుతోంది" అన్నాడు మాస్టారు.

మేక నది మధ్యలో లేచి నిలబడింది. ఆయన పిడికిలి బిగించాడు. ఆవిడ గొంతు ఆ చోటు మీదుగా తొణక్కుండా దాటిపోయింది. మేక అరుపు దగ్గర బస్తాలవాళ్లు నవ్వారు. ఒకడు రేడియోకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు. చివరికి పడవ ఒడ్డు చేరేసరికి లారీ డ్రైవరు కూడా దిగొచ్చి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. మాస్టారు ఆ పూట కాటా గురించి ఒక్క ముక్క పాఠం చెప్పకుండా పని ముగించాడు. వ్యాపారికి అదో వింత.

ఇంటికొచ్చేసరికి ఆవిడ బల్ల ముందే ఉంది. మొహం వెలిగిపోతోంది. "మేడమ్ ఫోన్ చేశారు. ఇకనుంచి వారం వారం నాదేనట. ఆ టక్ టక్ కూడా ఉండనివ్వండి, బాగుంది అన్నారు."

మాస్టారు సంచీ కింద పడేసి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. కాసేపు ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. తర్వాత అడిగాడు, "ఇంతకీ పలకకి ఏమైంది?"

"పలకకి ఏమీ కాలేదు. ఎడమ పోర్టులో మీ కాటా తీగ ఉంది. నాది కుడి దాంట్లో ఉంది. కిందికి వంగి, మీరు వేసిన చుక్క పక్కన చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోయింది. మార్చి పెట్టాను."

ఆయన వంగి చూశాడు. ఇప్పుడు తీగలు సరిగ్గానే ఉన్నాయి. రూలు చెప్పినట్టే కంప్యూటర్ పని చేసింది. ఎడమవైపు కాటా కూడా లేని ఉత్త తీగని పట్టుకుని, అదే ఆవిడ పలక అని నమ్మి కూర్చుంది. కుడివైపు నిజం పలకని కన్నెత్తి చూడలేదు.

"ఎవరు మార్చారు?" అన్నాడు. అన్నాక ఆయనకే నవ్వొచ్చింది. ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే. "తొందరలో పడి... ఛ. ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి. అదీ ఇవాళే జరగాలా."

ఆవిడ ఊఁ అనేస్తే అక్కడితో సరిపోయేది. ఆవిడ కాసేపు పలక అంచు రుద్దుతూ కూర్చుంది.

"మొదటిసారి కాదండీ" అంది.

మాస్టారు తీగలు వదిలేసి ఆవిడ వైపు తిరిగాడు.

"పోయిన చలికాలం నుంచీ చూస్తున్నాను. ఉప్పు డబ్బా, పంచదార డబ్బా అటూ ఇటూ అవుతున్నాయి. చెప్పులు ఒక్కోసారి కుడివైపు ఉంటున్నాయి. మొన్న కుర్చీ బయటికే ఉంది, మోకాలికి తగిలింది. పెద్ద దెబ్బేం కాదు. పొద్దున్నే మీరు పాల కోసం వెళ్లగానే ఇల్లంతా ఒకసారి తడిమి, ఎక్కడివక్కడ పెట్టేసుకుంటున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు చెయ్యి వేయడం మానేస్తారు. ఏది ముట్టుకోవాలన్నా భయపడతారు. మీ సంగతి నాకు తెలియదా?" అంది ఆవిడ. "నాకు మీరు సర్దిన ఇల్లే కావాలి. కాస్త తప్పుంటే ఉండనివ్వండి, నేను సరిచేసుకుంటాను."

మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎన్ని వేలమందికి చెప్పి ఉంటాడు ఆ పాఠం. కాటా వాడగా వాడగా తూకం కాస్త కాస్త జారుతుంది. జారినట్టు దానికి తెలియదు. ఎప్పటిలాగే ధీమాగా అంకె చూపిస్తూనే ఉంటుంది. పళ్లెం మీద సరైన బరువు పెట్టి చూసినవాళ్లకే ఆ తేడా తెలుస్తుంది. ఆయనకి ఏడుపొచ్చింది. ఆవిడకి వినపడకూడదని అనుకున్నాడు, కానీ ఆ ఇంట్లో ఆవిడకి వినపడనిది ఏమీ ఉండదు. ఆవిడ చెయ్యి చాపి, ఆయన భుజం ఎక్కడుందో వెతుక్కోకుండా సరిగ్గా దాని మీదే వేసింది.

"నా మాట విని ఆ రూలు తీసేయండి" అంది కాసేపటికి. "చోటుని బట్టి అన్నది ఇక మనకి కుదరదు. ముందు ఎలా ఉండేదో అలాగే ఉండనివ్వండి. ఎక్కడ పెట్టినా నాదే అనుకునేది కదా."

"మరి నా కాటాలు?"

"వేరే చిప్పు తీగ కొనుక్కోండి. తమ్ముడు అప్పుడే చెప్పాడు. మీరు వింటేగా."

ఆయన బావమరిదికి ఫోన్ చేశాడు. ఎందుకని అడిగితే, "మీ అక్క ఆస్తి పంపకాలు రద్దు చేసింది" అన్నాడు. ఎంతో ముచ్చటపడి రాసుకున్న ఆ రూలు ఫైలుని తన చేత్తోనే చెరిపేశాడు. మర్నాడు బజారుకి వెళ్లి కొత్త తీగ తెచ్చుకున్నాడు. దుకాణంలో కుర్రవాడికి చిప్పుల గురించి పాఠం చెప్పాడు కూడా. ఎడమ పోర్టు పక్కన జిగురు చుక్కని గోకేయబోతే ఆవిడ ఒప్పుకోలేదు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

తర్వాతి వారం కథ రోజున బల్ల మీద మళ్లీ దుమ్ము చేరింది. మాస్టారు గుడ్డ చేత్తో పట్టుకుని కాసేపు తటపటాయించాడు.

"తుడవండి మరి" అంది ఆవిడ లోపలి నుంచి.

తుడిచాడు. తీగలన్నీ తీసి, అన్నీ తుడిచి, మళ్లీ పెట్టాడు. ఆవిడ వచ్చి, కుర్చీ ఎక్కడుందో చేత్తో చూసుకుని కూర్చుంది. ఏ పోర్టులో పెట్టారని అడగలేదు. అడిగినా ఆయనకి గుర్తులేదు. ఆవిడ పలక మీద చేతులు పెట్టింది. వేళ్ల కింద చుక్కలు లేచాయి.